మోగని విజిల్

"సంతకం పెడతావా, చింపి పొయ్యిలో వెయ్యమంటావా?" అని అత్తగారు మూడోసారి అడిగింది.

టీచరు కాఫీ గ్లాసు పక్కకి జరిపింది. కాగితం భోజనాల బల్ల మీద ఉప్పుసీసా కింద ఉంది. ఫ్యాను గాలికి అంచు లేస్తోంది, పడుతోంది. నిన్న సాయంత్రం బడి ప్యూను తెచ్చిచ్చినప్పటినుంచీ అది అక్కడే ఉంది. దాని పక్కనే కంచాలు పెట్టుకుని తిన్నారు, దాని పక్కనుంచే కంచాలు తీశారు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

కాగితం పై సగం కూతురి రాత. అక్షరాలు గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా ఉన్నాయి.

"బ్యానర్ కట్టడానికి బెంచీ మీద బెంచీ మూడు వేయించింది నేను. పిచ్చుక తేలికగా ఉంటుందని దాన్ని ఎక్కించింది నేను. భయమేస్తోందంటే ఏం కాదన్నది నేను. బాధ్యత నాది."

పిచ్చుక అంటే టైలర్ కూతురు, బక్కగా ఉంటుందని క్లాసు పెట్టిన పేరు; ఆ బెంచీల మీంచి పడి ఆరు రోజులుగా ఆస్పత్రిలో ఉంది. కింద సగం ఆఫీసు టైపు. పై వివరణ విద్యార్థిని స్వయంగా రాసిందనీ, అందులోని విషయాలు నిజమనీ ఒప్పుకుంటున్నట్టు. అడుగున రెండు గీతలు. ఒకటి తల్లి లేదా తండ్రి సంతకానికి. రెండోది ఆ క్లాసు నడిపిన టీచరు సంతకానికి.

రెండు గీతలూ ఆమెవే.

"నలభైమంది పిల్లల్ని లీడర్లని చేస్తానని బయల్దేరావు" అంది అత్తగారు, తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తూ. "ఇంట్లో ఉన్న ఒక్కగానొక్కదాన్ని దోషిని చేసి తెచ్చావు. ముచ్చటగా ఉంది."

"అమ్మా, నువ్వు కాసేపు ఆగు" అన్నాడు మెకానిక్. డిపోకి వెళ్లాల్సిన మనిషి, ఖాకీ చొక్కాకి గుండీలు పెట్టుకోకుండా గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఆగుతానురా. ఆరు రోజులనుంచీ ఆగుతూనే ఉన్నాను. ఇంట్లో అందరూ నోళ్లు కుట్టేసుకుని కూర్చుంటే, నా నోరొక్కటే పెద్దదైపోయింది."

అన్నమాటే గానీ ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. మనవరాలు ఈ ఆరు రోజుల్లో ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. ఆ పిల్ల వంతు కూడా ఈవిడే ఏడుస్తోంది.

మెకానిక్ కుర్చీ లాక్కుని భార్య ఎదురుగా కూర్చున్నాడు.

"నేనొకటి అడుగుతాను, కోప్పడకు. మా షెడ్డులో బస్సు కింద జాకీ కాస్త ఒరిగిందనుకో. ముందు ఎవరి కంట పడితే వాళ్లు అరుస్తారు. ఫోర్‌మన్ కావచ్చు, చీపురు పట్టుకున్న ముసలాయన కావచ్చు. ఎందుకరిచావని ఎవ్వరూ అడగరు. చూసి అరవలేదనుకో, వాడు మళ్లీ షెడ్డులో అడుగుపెట్టడు. అంత పెద్ద హాలు. ముందు వరసలో నీ క్లాసు చూడ్డానికొచ్చిన పదకొండుమంది పెద్దమనుషులు. వెనక నువ్వు. ఒక్కరికీ నోరు రాలేదా?"

"అది షెడ్డు కాదండీ, క్లాసు. ఆ గంటసేపూ పెద్దవాళ్లు మాట్లాడకూడదు. పద్ధతే అది."

"పద్ధతి గురించి కాదు నేనడిగింది. నీకు కనబడిందా?"

టీచరు ఉప్పుసీసా వైపు చూసింది. కాఫీ గ్లాసు వైపు చూసింది. ఆరు రోజులుగా ఈ ప్రశ్న ఇంట్లో ఆ గది నుంచి ఈ గదికి తిరుగుతోంది. ఇవాళ్టికి బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"చివరి బెంచీలో ఉన్నాను కదా" అంది.

"ఎక్కడున్నావో నాకు తెలుసు. కనబడిందా అని."

ఆమె కాఫీ గ్లాసు దగ్గరికి లాక్కుంది. మెకానిక్ లేచి, గుండీలు పెట్టుకున్నాడు. ఒకటి తప్పి ఇంకోదాంట్లో పడింది. సరిచేసుకోలేదు.

"నాలుగింటికి ప్రిన్సిపాల్ దగ్గరికి నేనూ వస్తాను" అన్నాడు. "అప్పటిదాకా పెన్ను ముట్టుకోకు."

పెరట్లో కూతురు కుళాయి కింద తెల్లబూట్లు తోముతోంది. పాత టూత్‌బ్రష్షుతో, కుట్టు కుట్టుకీ మధ్య. ఆరు రోజులుగా బడికి పోని పిల్ల రోజూ ఆ బూట్లు తోమి ఎండలో పెడుతోంది.

"నువ్వు రానక్కర్లేదే" అంది టీచరు గుమ్మంలోంచి.

"వస్తానమ్మా" అంది కూతురు తలెత్తకుండా. "లీడర్ రాకపోతే ఎలా?"

ఆ మాట ఎవరు నేర్పారో టీచరుకి తెలుసు.

*

మూడేళ్ల క్రితం బడిలో లీడర్‌షిప్ క్లాసు మొదలుపెట్టినప్పుడు అందరూ నవ్వారు. లెక్కల మాస్టారైతే, "మన పిల్లలకి లైన్లో నిలబడ్డం నేర్పండి చాలు, లైను ముందు నిలబడ్డం తర్వాత" అన్నాడు. ఆమె పట్టు వదల్లేదు. ప్రతి బుధవారం చివరి గంట. పిల్లలకి ఒక పని ఇస్తుంది. లీడర్ ఎవరో పిల్లలే తేల్చుకుంటారు. ఆ గంటసేపూ టీచరు చివరి బెంచీలో కూర్చుంటుంది. నోరు విప్పదు. పిల్లలు ఆమెనే కాదు, పెద్దవాళ్లెవర్నీ ఏమీ అడగకూడదు. మరీ ప్రమాదం అనిపిస్తే మాత్రం మెడలో విజిల్ ఉంది.

గంట అయ్యాక, హాలు దాటేలోపు, లీడర్ ఒక కాగితం రాసివ్వాలి. ఎక్కడ తప్పు జరిగిందో రాసి, చివర బాధ్యత నాది అని రాయాలి. ఆ కాగితాల ఫైలు ఆమెకి ప్రాణం. "జిగురు ఒలికింది. బాధ్యత నాది." "నాటకంలో రాజు రాలేదు. వాడికి జ్వరం. అయినా బాధ్యత నాది." అవి చదివి ఇంట్లో అందరూ పొట్ట పట్టుకుని నవ్విన సాయంత్రాలున్నాయి.

నోట్లోంచి మాట బయటికి రాని పిల్లలు మైకు పట్టుకుని మాట్లాడారు. వెనకబెంచీ రౌడీలు కుర్చీలు సర్దారు. అది అబద్ధం కాదు. ఆమె నిజంగానే మంచి పని చేసింది. దాని గురించి చిన్న పుస్తకం రాసింది కూడా. మొదటి పేజీలోనే ఉంది: ఈ మూడేళ్లలో విజిల్ ఒక్కసారి కూడా మోగలేదు.

ఆ వాక్యం రాసినప్పుడు ఆమె ఎంతో సంతోషపడింది.

*

పదకొండు గంటలకి ప్రిన్సిపాల్ గదిలో ఏసీ చల్లగా ఉంది. ఆయన లేచి నిలబడి మరీ కూర్చోమన్నాడు. ఆయన మర్యాద ఎక్కువైనప్పుడల్లా టీచర్లు జాగ్రత్తపడతారు.

"పిచ్చుక ఎలా ఉంది సార్? నన్ను వార్డులోకి రానివ్వట్లేదు" అంది టీచరు.

"వాపు తగ్గాక గానీ చెప్పలేమంటున్నారు డాక్టర్లు. కాళ్లు మాత్రం కదలట్లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ టైలర్ మంచివాడండీ. గొడవలూ కేసులూ వద్దంటున్నాడు. పైకెలా ఎక్కింది, ఎవరెక్కించారు అని ఒక్కటే అడుగుతున్నాడు. దానికి జవాబు మీ పాపే రాసిచ్చింది, పాపం. మీరు రెండు సంతకాలు పెడితే ఇవాళ్టితో సరి."

"సరి అంటే, సార్?"

"పాప వేరే బడిలో చేరుతుంది. టీసీలో ఏమీ రాయను. తల్లిదండ్రుల కోరిక మీద అని రాస్తాను. బడి తరఫున నాలుగు బడులకి జరిగిందేమిటో చెబుతూ ఒక ఉత్తరం మాత్రం వెళ్తుంది. అది తప్పదు."

"అంటే ఏ బడీ చేర్చుకోదు."

"కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయి మేడమ్."

టీచరు చేతిసంచి గట్టిగా పట్టుకుంది. విజిల్ అందులో ఉంది. ఆ రోజునుంచీ మెడలో వేసుకోలేదు, అలాగని ఇంట్లో పెట్టనూ లేదు.

"సార్, ఆ కాగితం పిల్ల మామూలుగా రాసిచ్చేది. ప్రతి బుధవారం రాసేదే. దాన్ని ఇలా..."

"నేను అడిగి రాయించలేదు కదండీ" అన్నాడాయన నెమ్మదిగా. "ఆ గొడవలో కూడా రాసింది. మీరే తీసుకున్నారు, మీరే ఫైల్లో పెట్టి ఆఫీసుకి పంపారు. ఎప్పట్లాగే."

నిజమే. స్ట్రెచర్ గేటు దాటుతుంటే కూతురు హాల్లో నేల మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని రాసింది. రాసి చేతికిచ్చింది. ఆమె అందుకుని, తారీఖు వేసి, ఫైల్లో పెట్టింది. మూడేళ్ల అలవాటు. ఆ పూట పిల్లని దగ్గరికి తీసుకోవాల్సిన చేతులు ఫైలు తాడు కట్టాయి.

ప్రిన్సిపాల్ ముందుకు వంగాడు.

"రెండో సంతకం సంగతి. మీరు టీచరుగా పెట్టేటప్పుడు ఒక వాక్యం రాయాలి. నేను ఆలోచించి పెట్టాను. ఆ సమయంలో మీరు తలొంచుకుని నోటుబుక్కులో రాసుకుంటున్నారు. అంతే. మీకు కనబడలేదు."

"నా చేతిలో నోటుబుక్కు లేదు సార్."

"ఉంది" అన్నాడాయన. "లేదంటే ఏమవుతుందో చూడండి. చూసి ఊరుకున్నారని అవుతుంది. అప్పుడిది పిల్లల పొరపాటు కాదు, బడి నిర్లక్ష్యం. మీ ఉద్యోగం పోతుంది, నా కుర్చీ పోతుంది. ఆ పదకొండుమంది తమ బడుల్లో మొదలుపెడదామనుకుంటున్న మీ క్లాసు అక్కడ పుట్టకుండానే పోతుంది. ఎన్ని వందలమంది పిల్లలకి మేలు జరిగేదో మీకే బాగా తెలుసు."

ఆయన ఆమె మనసులో మాటనే తీసి బల్ల మీద పెట్టాడు. ఆరు రోజులుగా తనకి తాను చెప్పుకుంటున్నది అదే. ఇంకొకరి నోట వినేసరికి ఆమెకి తల కొట్టేసినట్టయింది.

ఎందుకంటే ఆమె చూసింది.

మూడో బెంచీ ఎత్తుతున్నప్పుడే చూసింది. బ్యానర్ కొక్కెం గోడకి బాగా ఎత్తులో ఉంది. నిచ్చెన స్టోర్‌రూములో ఉంది, తాళం ఆఫీసులో ఉంది. పెద్దవాళ్లని అడగకూడదు. పిల్లలు వాళ్ల తెలివి వాళ్లు ఉపయోగించారు. పిచ్చుక రెండో బెంచీ మీద నిలబడి కిందకి చూసింది. దాని మోకాళ్లు వణుకుతుంటే చివరి బెంచీలోకి కూడా తెలిసింది. టీచరు విజిల్ నోట్లో పెట్టుకుంది. ఆ ఇనుము రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

సరిగ్గా అప్పుడు ముందు వరసలో కూర్చున్న పదకొండుమందిలో ఒకాయన వెనక్కి తిరిగి, పిల్లలు ఎంత చక్కగా చేస్తున్నారో అన్నట్టు తలూపి నవ్వాడు. ఆయన చేతిలో ఆమె పుస్తకం ఉంది. మొదటి పేజీయే తెరిచి ఉంది.

ఆమె విజిల్ దించేసింది.

గొప్ప కోసం. ఇంకే పేరు పెట్టినా అది అబద్ధమే.

"ఆలోచించుకోండి మేడమ్" అన్నాడు ప్రిన్సిపాల్. "నాలుగింటిదాకా టైముంది."

*

మూడున్నరకి ఆమె హాలు తలుపు తోసింది. లోపల కూతురు ఉంది. బెంచీలన్నీ ఎవరో వరసగా సర్దేశారు. గోడకి బ్యానర్ ఒక కొస మాత్రం వేలాడుతోంది.

"అప్పుడే వచ్చావేం?"

"మూడింటికే వచ్చాను మేడమ్."

గేటు దాటితే కూతురు ఆమెని మేడమ్ అనే పిలుస్తుంది. తనవాళ్లని వేరుగా చూస్తోందని ఎవరూ అనకూడదని ఆ నియమమూ ఆమే పెట్టింది.

"ఎవరూ లేరుగా. అమ్మా అను."

కూతురు అనలేదు. బ్యానర్ కొస వైపు చూస్తోంది. "ఎవరూ తీయలేదు" అంది. "నిచ్చెన తెచ్చి తీయొచ్చు కదా ఇప్పుడు."

టీచరు చివరి బెంచీలో కూలబడింది. తన బెంచీ. అక్కడినుంచి అంతా కనబడుతుంది. గోడ, కొక్కెం, కొక్కెం కింద నేల. ఎవరో ఆ చోట రెండుసార్లు కడిగారు.

"ఆ కాగితం నువ్వు రాయకుండా ఉండాల్సిందే తల్లీ."

"బుధవారం కదా."

"నేను తీసుకోకుండా ఉండాల్సింది."

కూతురు వచ్చి పక్క బెంచీలో కూర్చుంది. తోమి తోమి తెల్లగా మెరుస్తున్న బూట్లు ఒకదానికొకటి ఆనించుకుంది.

"నేనొకటి అడుగుతా, తిట్టవు కదా?" అంది.

"తిట్టను."

"పిచ్చుక రెండో బెంచీ మీద ఆగిపోయింది. నాకు భయమేస్తోందే, వేరేవాళ్లని ఎక్కించవే అంది. నాకూ భయమేసింది. ఎవర్నీ అడక్కూడదు కదా. అందుకని అడగలేదు. వెనక్కి తిరిగి నిన్ను చూశాను."

టీచరు చెయ్యి చేతిసంచి మీదికి పోయింది.

"విజిల్ నీ నోట్లో ఉంది. ఊదేస్తావనుకున్నా. ఊదితే బాగుణ్ణు అనుకున్నా అమ్మా. అందరూ నవ్వినా పర్లేదు అనుకున్నా. నువ్వు దించేశావు." కూతురి గొంతు ఎక్కడా వణకలేదు. "అమ్మ దించేసిందంటే ప్రమాదమేమీ లేదన్నమాట అనుకున్నా. అందుకే ఏం కాదు, ఎక్కవే అన్నాను. మరి ఎందుకు దించేశావు?"

పిల్ల నింద వేయడం లేదు. తెలియక అడుగుతోంది. లెక్క ఎక్కడ తప్పిందో చెప్పమని నోటుబుక్కు తెచ్చి చూపించినట్టు అడుగుతోంది. భర్త అడిగినప్పుడు ఉప్పుసీసా చూసింది, గ్లాసు చూసింది. ఇక్కడ చూడడానికి ఏమీ లేదు.

"వాళ్లందరి ముందూ ఊదడానికి సిగ్గేసింది" అంది. "ఊదితే నా క్లాసు ఓడిపోయినట్టవుతుందనుకున్నాను. అంతేనే. ఇంకేం లేదు."

కూతురు తలూపింది. అర్థమైనట్టే ఊపింది.

"నేను ఇవాళ చెప్పేస్తాను" అంది టీచరు. "ఆ టైలర్ ముందు, మీ నాన్న ముందు. నీ మీద పడనివ్వను."

"చెబితే పిచ్చుక లేచి నిలబడుతుందా?"

"నిలబడదు."

"మరి?"

"నువ్వు నిలబడతావు."

వరండాలో ప్యూను చెప్పుల చప్పుడైంది. "మేడమ్, సార్ పిలుస్తున్నారు" అన్నాడతను.

కూతురు లేచి స్కర్టు సర్దుకుంది. "పదండి మేడమ్" అంది.

*

టైలర్ ఆస్పత్రినుంచి నేరుగా వచ్చాడు. మెళ్లో కొలతల టేపు ఉంది. అది వేసుకున్నట్టు అతనికే గుర్తులేదు. బడి యూనిఫారాలన్నీ అతనే కుడతాడు. టీచరు కూతురికి ఒకటో తరగతి గౌను కుట్టింది కూడా అతనే. ఆ పిల్ల అతన్ని బాబాయ్ అంటుంది.

మెకానిక్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చేతులకి గ్రీజు ఉందని కుర్చీ వద్దన్నాడు. చొక్కా గుండీ పొద్దున తప్పినది తప్పినట్టే ఉంది.

ప్రిన్సిపాల్ కాగితాన్ని బల్ల మధ్యకి జరిపాడు. "పాప అన్నీ తనే ఒప్పుకుందండీ" అని మొదలుపెట్టబోయాడు.

"నేను చదివాను సార్" అన్నాడు టైలర్. "ఎవరెక్కించారో ఇందులో ఉంది. నేనడిగేది ఇంకోటి. పధ్నాలుగేళ్ల పిల్ల ఎక్కమంది, పధ్నాలుగేళ్ల పిల్ల ఎక్కింది. అంత పెద్ద హాలులో ఆపగలిగిన మనిషి ఒక్కరూ లేరా?"

ఏసీ గుర్రుమంటోంది.

టీచరు సంచిలో చెయ్యి పెట్టింది. విజిల్ తీసి కాగితం మీద పెట్టింది. చిన్న చప్పుడే అయింది.

"ఉన్నారు" అంది. "నేనున్నాను. మీ పాప రెండో బెంచీ మీద ఉన్నప్పుడే చూశాను. ఈ విజిల్ నోట్లో పెట్టుకున్నాను. వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని ఊదలేదు. నా కూతురు నాకోసం వెనక్కి చూసింది. నేను ఊదలేదు కాబట్టి పర్వాలేదనుకుని ఎక్కమంది. ఆ కాగితం మీద ఉండాల్సింది దాని సంతకం కాదు, నాది."

మెకానిక్ కళ్లు మూసుకున్నాడు. పొద్దున తను అడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పుడు వచ్చింది, అందరి ముందూ.

ఆమెకి ఆశ్చర్యంగా, ఆరు రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. ఇక ఏమైనా కానీ అనుకుంది.

ప్రిన్సిపాల్ కంగారుపడలేదు. అదే ఆమెకి వింతగా తోచింది. ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకుని, జాలిగా నవ్వాడు.

"తల్లి మనసండీ" అన్నాడు టైలర్‌తో. "కూతురి మీద పడుతోందంటే ఏ తల్లయినా ఇలాగే అంటుంది. తప్పుపట్టలేం. పాపనే అడగండి, అది అబద్ధమాడదు."

కూతురు లేచి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. బుధవారం క్లాసులో నిలబడినట్టే, గడ్డం పైకెత్తి.

"మేడమ్ చూడలేదు బాబాయ్" అంది. "మేడమ్ అప్పుడు తలొంచుకుని నోటుబుక్కులో రాసుకుంటున్నారు."

ఒక్క అక్షరం తేడా లేదు. పొద్దున ఈ గదిలో, ఈ బల్ల దగ్గర, తనకిచ్చిన వాక్యమే. మూడింటికే వచ్చాను మేడమ్. మూడింటినుంచి మూడున్నరదాకా కూతురు ఎక్కడుందో, ప్రిన్సిపాల్ నోట ఏం బేరం విన్నదో టీచరుకి అప్పుడు తెలిసింది. అమ్మ ఉద్యోగం, అమ్మ క్లాసు, అమ్మ పేరు. వాటికి బదులు ఒక్క వాక్యం.

"అబద్ధం!" అంది టీచరు. "ఎందుకే? ఎందుకలా చెబుతున్నావు? ఇందాకే కదా హాల్లో నాతో..."

"బాధ్యత నాది మేడమ్" అంది కూతురు, ఆమె వైపు చూడకుండా.

మూడేళ్లు కష్టపడి నేర్పింది. పిల్ల అప్పజెప్పింది. టీచరు ప్రిన్సిపాల్ వైపు చూసింది. ఆయన పెన్ను మూత తీసి కాగితం పక్కన పెడుతున్నాడు. తను నిజం చెప్పిందని ఈ గదిలో తెలిసినవాళ్లు ఇంకిద్దరే, ఆ ఇద్దరూ కాదంటున్నారు.

"ఒక్క నిమిషం" అన్నాడు టైలర్.

అతను మెళ్లో టేపు చేతికి తగిలి, అప్పుడే చూసుకున్నట్టు తీసి, మెల్లగా చుట్టడం మొదలుపెట్టాడు.

"మా పిల్ల నిన్నటిదాకా కళ్లు తెరిచేది గానీ మాట్లాడేది కాదు" అన్నాడు. "ఇవాళ మధ్యాహ్నం మాట్లాడింది. ముందు మంచినీళ్లడిగింది. తర్వాత, నాన్నా, అంత ఎత్తునుంచి హాలంతా కనబడింది అంది. వెనకాల మేడమ్ కూర్చునే బెంచీ కూడా కనబడింది అంది."

ప్రిన్సిపాల్ చేతిలో పెన్ను మూత ఆగిపోయింది.

"ఇంకో మాట కూడా అంది. అదేమిటో నేనిప్పుడు చెప్పను." టైలర్ విజిల్ తీసుకుని, టీచరు ముందునుంచి ఆమె కూతురి ముందుకి జరిపాడు. "పాపా, నీకు ఆరేళ్లప్పటినుంచీ నేను కొలతలు తీస్తున్నాను. నా ముందు కదలకుండా నిలబడేదానివి. ఇప్పుడూ అలాగే నిలబడి చెప్పు. నిన్ను తిట్టను, మీ అమ్మనీ తిట్టను. నా పిల్ల ఒక్కతే పైన ఉండగా, మీ అమ్మ ఏం చేస్తోంది?"

మెకానిక్ గోడనుంచి ఒక అడుగు ముందుకి వేసి ఆగాడు.

కూతురు విజిల్ వైపు చూసింది. వెనక్కి కట్టుకున్న చేతులు విడిపోయాయి. గడ్డం కొద్దిగా దిగింది. ఆరు రోజుల్లో మొదటిసారి అది పధ్నాలుగేళ్ల పిల్లలా కనబడింది.

అది టైలర్‌కి జవాబు చెప్పలేదు. ఆ రోజు హాల్లో చూసినట్టే, మెల్లగా తల తిప్పి తల్లివైపు చూసింది.